జంషెడ్‌పూర్‌లో వదిలేసి వచ్చిన టేపు

జంషెడ్‌పూర్ వెళ్లొచ్చానంటే మా విజయనగరంలో అందరూ ఒకటే అడుగుతున్నారు: కొలిమి చూశావా, రాత్రిపూట ఆకాశం ఎర్రబడటం చూశావా అని. చూశాను. బాగానే ఉంది. నేను రాయదలచుకున్నది మాత్రం ఒక సభ గురించి. ఆ సభకి నూట ఇరవై కుర్చీలు వేశారు. వచ్చినవాళ్లం నలుగురం. అందులో ముగ్గురం జీతానికో ఫీజుకో వచ్చినవాళ్లం. సభ ముగిశాక తయారైన కాగితంలో ‘అభ్యంతరాలు: సున్నా’ అని రాశారు. లెక్కలు కట్టి బతికే మనిషిని. ఆ సున్నాని చూసి వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. కోపంగా ఉన్నప్పుడు రాస్తే కొలత తప్పుతుందని కొన్నాళ్లు ఆగి చూశాను. తగ్గేలా లేదు కాబట్టి రాస్తున్నాను.

పాత కట్టడాన్ని బాగు చేయాలంటే ఎంత ఇటుక, ఎంత సున్నం, ఎంత కలప పడుతుందో ముందుగా లెక్క కట్టి ఇవ్వడం నా పని. ఇంజనీరింగ్ చదవలేదు. ఒక మేస్త్రీ దగ్గర టేపు కొస పట్టుకోవడంతో మొదలుపెట్టాను. మిగతాది పాత పుస్తకాలు కొనుక్కుని, గోడల్ని తడిమి చూసుకుని నేర్చుకున్నాను. మా వైపు పాత బళ్లకీ, సత్రాలకీ లెక్కలు కట్టాను. ఆ పని ఎవరి ద్వారానో విని బెంగళూరులోని ఒక సంస్థవాళ్లు ఫోన్ చేశారు. జంషెడ్‌పూర్‌లో చరిత్ర ఉన్న ఒక విశ్వవిద్యాలయం ఉందట. దాని పాత భవనాల్ని కాపాడటానికి ప్రణాళిక వేస్తున్నారట. కొలతలు నన్ను చూడమన్నారు. విశ్వవిద్యాలయం పేరు రాయను. ఆ ఊరివాళ్లకి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకి పేరుతో పని లేదు.

రాయగడ దాటాక

రైల్లో నా ఎదుటి బెర్తు ఆయన పేరు సింహాచలం. తెల్లటి మీసం, భుజాన ఎర్ర తువ్వాలు, ఒళ్లో మామిడి తాండ్ర కట్ట. బొబ్బిలి దగ్గర మేనకోడలి పెళ్లి చూసుకుని తిరిగి వెళుతున్నాడు. ఆ కట్టని సీటు మీద పెడితే ఎవరైనా కూర్చుంటారని ఆయన భయం. రాయగడలో వడలు కొనడానికి దిగుతూ నా పక్కన పెట్టి వెళ్లాడు. అప్పుడే ఎక్కిన ఒక భారీకాయుడు నేను నోరు తెరిచేలోగా దాని మీదే కూర్చున్నాడు.

సింహాచలం వచ్చి కట్టని పైకెత్తి చూసుకున్నాడు. “పోనీలే బాబూ, తాండ్ర ఎలగూ పల్చగానే తింటాం” అన్నాడు.

వడలు ఆకు దొన్నెలో నాలుగు, ముప్పై రూపాయలు. మా ఊళ్లో అదే డబ్బుకి మూడే వస్తాయి, కానీ చట్నీ అడిగినంత పోస్తారు. ఇక్కడ చెంచాతో లెక్కపెట్టి వేశారు.

“ఏటి పని మీద ఎల్తన్నారు?” అని అడిగాడు. చెప్పాను.

“లాల్ కాలేజీకా!” ఆయన మొహం వెలిగింది. ఎర్ర ఇటుక భవనాలు కావడంతో ఊళ్లో అందరూ దాన్ని అలాగే పిలుస్తారట. “దాని ఎనకాల రేకుల షెడ్డొకటుంది, తెలుసా? మా షెడ్డది. నాను ఫిట్టర్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు అక్కడే ఉంటాను, పిల్లలకి పని నేర్పిత్తాను. పిల్లలంటే పిల్లలు కాదు, పెళ్లిళ్లయిపోయినోళ్లే. కాంట్రాక్టు కూలీలు. దాన్ని కూడా బాగు సేత్తారేటి?”

“పాతదైతే చేస్తారు.”

“నాకంటే పాతది” అన్నాడు, ఇంకేం కావాలన్నట్టు. నలిగిన తాండ్రలోంచి ఒక ముక్క తుంచి నా చేతిలో పెట్టాడు.

ఝార్సుగుడ దగ్గరికి వచ్చేసరికి అమ్మేవాళ్ల కేకలు ఒడియాలోంచి హిందీలోకి మారిపోయాయి. దొన్నెలు పోయి ఝాల్‌మూడీ, అంటే కారం మరమరాల పొట్లాలు వచ్చాయి. పచ్చి ఆవనూనె వాసన పడక నేను కిటికీ వైపు జరిగాను. సింహాచలం రెండు పొట్లాలు తిన్నాడు.

బర్మామైన్స్

దిగిన మర్నాడు పొద్దున్న అయిదింటికే సింహాచలం వాళ్ల పేటకి టిఫినుకి వెళ్లాను. బర్మామైన్స్ అనే ఆ పేట స్టేషనుకి, ఉక్కు కర్మాగారానికి దగ్గర. సందులు ఎంత ఇరుకంటే ఎదురుగా సైకిల్ వస్తే మనం ఎవరి గుమ్మంలోకో ఎక్కాలి. ఎక్కితే ఆ ఇంటివాళ్లు ఏమీ అనుకోరు, “చాయ్ తాగుతావా” అంటారు. ఎవర్ని కదిపినా శ్రీకాకుళమో, చీపురుపల్లో, పలాసో చెబుతారు. వాళ్లలో చాలామంది ఆ ఊళ్లు చూసింది రెండు మూడుసార్లే.

ఒకావిడ బండి మీద ఇడ్లీ వేస్తోంది. చట్నీతోపాటు ఘుగ్నీ, అంటే బఠాణీల కూర, పోసింది. ఇడ్లీ మీద బఠాణీల కూరేమిటని నేను వెనకా ముందాడుతుంటే పక్కనే నిలబడి తింటున్న ఒకామె నవ్వింది. ముప్పై ఏళ్లుంటాయి. ముదురు నీలం చొక్కా, మెడలో గేటు పాసు.

“మావా, నీ లెక్కల బాబు ఇడ్లీని కూడా కొలిచి తింటాడా?” అని సింహాచలాన్ని అడిగింది.

“నోర్ముయ్యే. మా చుట్టాలమ్మాయి బాబూ, గౌరి. నోరు ముందూ, మనిసి ఎనకానూ.”

“అరే, ఛోడో నా, వదిలెయ్ మావా, డ్యూటీకి లేటవుతోంది” అంటూ ప్లేటు కడిగి ఇచ్చేసి పరిగెత్తింది.

ఘుగ్నీతో ఇడ్లీ బాగుంది. ఇది ఒప్పుకోవాలి.

ఎర్ర ఇటుకలు

నేను చూసిన మంచి కట్టడాల్లో ఆ విశ్వవిద్యాలయం హాలు ఒకటి. ముందు కమానుల వరండా. గోడలు రెండున్నర ఇటుకల మందం. లోపల అడుగుపెడితే మండే ఎండలో కూడా చల్లగా ఉంటుంది. కిటికీలు ఎత్తుగా పెట్టారు, వేడి గాలి పైనుంచి పోవడానికి. మెట్ల అంచులు నడిచి నడిచి మధ్యలో అరిగి గుంటపడ్డాయి. సిమెంటుతో చేసిన చెత్త మరమ్మతులు అక్కడక్కడా ఉబ్బి ఊడుతున్నాయి. వాటిని చెక్కేసి మళ్లీ సున్నంతో పూయాలన్న మాట ప్రణాళికలో సరిగ్గానే ఉంది. బెంగళూరు నుంచి వచ్చిన ఆర్కిటెక్టు నందిత చురుకైన మనిషి. ఏ కమాను దగ్గర ఆగినా చేత్తో నిమిరి చూసేది. ఆ రోజంతా నేను కొలుస్తూ, ఆమె రాస్తూ సంతోషంగానే పనిచేశాం.

మధ్యాహ్నం ఎస్టేట్ ఇంజనీరు మూర్తిగారు మమ్మల్ని తన గదికి పిలిచి మంచి ఫిల్టర్ కాఫీ ఇచ్చారు. ఆయనది కాకినాడ. ఊళ్లోకి వచ్చి ముప్పై ఏళ్లు. మర్యాద తెలిసిన మనిషి, మాట మెత్తన. బల్ల మీద పెద్ద పటం పరిచారు. ఎరుపు రంగు వేసినవి ఉన్నవి ఉన్నట్టు ఉంచాల్సినవి. నీలం రంగువి బాగు చేయాల్సినవి. పసుపు రంగువి తీసేయాల్సినవి. హాలు ఎరుపు, గ్రంథాలయం ఎరుపు, పాత వసతిగృహం నీలం. వెనకాల పొడుగ్గా ఉన్న ఒకే ఒక్క కట్టడానికి పసుపు.

“ఇదేమిటండీ?”

“పాత వర్క్‌షాపు షెడ్డు. అసలు నక్షాలో లేదు, తరవాత కట్టారు. హాలు వెనక వైపు దృశ్యానికి అడ్డం. అది తీసేస్తే పచ్చిక అక్కడిదాకా వస్తుంది. ఒక చిన్న కాఫీ షాపు, చరిత్ర చెప్పే గది కూడా వస్తాయి. చాలా బాగుంటుంది.”

“తరవాత అంటే ఎంత తరవాత?”

“హాలు కట్టిన కొన్నేళ్లకి అనుకుంటాను.”

హాలుకి వందేళ్లకి దగ్గరలో వయసుంటే షెడ్డుకి ఓ అయిదో ఆరో తక్కువ. ఆ కాస్త తేడాకి ఒకటి వారసత్వం, ఇంకోటి చెత్త! నందిత వైపు చూశాను. “మొదటి రూపాన్ని తిరిగి తేవాలన్నది విశ్వవిద్యాలయం కోరిక. నాకిచ్చిన పని అది” అంది, పటం మీంచి తల ఎత్తకుండా.

నాకిచ్చిన పట్టికలో చివరి వరుస కూడా అప్పుడే చూశాను. ‘షెడ్డు విప్పి తొలగించుట.’ దాని పక్కన పరిమాణం గడి ఖాళీగా ఉంది. అది నేను నింపాలి.

రేకుల షెడ్డు

సాయంత్రం ఆ షెడ్డుకి వెళ్లాను. పైకప్పు రంపపు పళ్లలా ఉంటుంది. ప్రతి పంటికీ ఉత్తరం వైపు అద్దాలు, కళ్లలో ఎండ పడకుండా పనికి వెలుతురు రావడానికి. లోపల పొడవాటి బల్లలు, వాటికి బిగించిన, ఇనుముని కదలకుండా పట్టే వైస్‌లు, మూల ఒక వెల్డింగ్ యంత్రం. ఏ షిఫ్టు దిగినవాళ్లు ఆ షిఫ్టు బట్టల్లోనే వచ్చారు. సింహాచలం, ఆయనలాంటి మరో ఇద్దరు రిటైరైనవాళ్లు బల్లల మధ్య తిరుగుతున్నారు. ఒకప్పటి ప్రిన్సిపాల్ ఎవరో సాయంత్రం తరగతులు అయిపోయాక కూలీలు వాడుకోవచ్చని అన్నాడట. అప్పట్నుంచీ అదే నడుస్తోంది.

గౌరి వెల్డింగ్ ముసుగు ఎత్తి, చెమట తుడుచుకుని, అప్పుడే అతికించిన ఇనప ముక్కని నా ముందు పెట్టింది. “చూడండి బాబుగారూ. కొలవండి, ఎలాగూ కొలుస్తారు కదా.”

నాకు వెల్డింగ్ తెలియదు. బాగుందన్నాను.

“ఏం బాగుంది? మధ్యలో గాలి పట్టీసింది” అని సింహాచలం దూరం నుంచే అరిచాడు. “మళ్లీ ఎయ్యి!”

ఆమె పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా కర్మాగారంలో బరువులు మోస్తుంది. ఆడ కూలీని అక్కడ రేజా అంటారు. పదేళ్లుగా ఆమె గేటు పాసు మీద ఆ మాటే ఉంది. దీపావళి వెళ్లాక వచ్చే ఛఠ్ పండగ అయిన తరవాత వెల్డర్ పరీక్ష. అది దాటితే పాసు మీద మాట మారుతుంది, కూలీ మారుతుంది, తల మీద తట్ట దిగుతుంది. అందుకోసం రెండింటికి దిగి, ఇంటికి వెళ్లి వండిపెట్టి, అయిదింటికి ఇక్కడికి వస్తుంది. నడిచి వస్తుంది.

షెడ్డుకి బదులు గోవింద్‌పూర్ వైపు కొత్త నైపుణ్య కేంద్రం ఉందని ప్రణాళికలో ఒక వాక్యం ఉంది. ఆ సంగతి అడిగాను.

“అది పొద్దున్న పదికి తెరిచి నాలుక్కి మూసేత్తారు” అంది. “నాను రెండింటికి గేటు బయటికొత్తాను. రెండు ఆటోలు మారి ఎల్లేసరికి తాళం ఏసుంటాది. తాళాన్ని వెల్డింగ్ సెయ్యమంటారేటి?” ఆగింది. “ఎందుకడిగారు? షెడ్డుకి ఏటయింది?”

తిన్నగా చెప్పేశాను. దాచడానికి అదేం నా సొంత విషయం కాదు. యంత్రాల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. రైల్లో నా చేతిలో తాండ్ర పెట్టిన సింహాచలం, అప్పుడు నా మొహం చూడలేదు.

“మమ్మల్నెవరూ అడగలేదే” అన్నాడు చివరికి.

“ప్రజల అభిప్రాయం తీసుకోవడానికి ఎల్లుండి హాల్లో సభ ఉందట. అక్కడ చెప్పండి.”

ఆ ‘ఎల్లుండి’ అన్నప్పుడు వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎందుకో నాకు మర్నాటిదాకా తెలియలేదు.

జుగ్సలాయి బజారు

మర్నాడు గ్రంథాలయం కొలుస్తుండగా నా తూకు గుండు తాడు తెగింది. గోడ నిలువుగా ఉందో లేదో చూడటానికి తాడుకి వేలాడదీసే గుండు అది. కొత్త తాడు కోసం సాయంత్రం జుగ్సలాయి వెళ్లాను. అది పేరుకి పక్క ఊరు, నడిస్తే ఇదే ఊరు. గోదాములు, లారీలు, బండ్లు, వాటి మధ్యలోంచి మనుషులు. నా ఆటో ఒక లారీకి, బంతిపూల బండికి మధ్య ఇరుక్కుంది. దిగుదామంటే తలుపు వైపు పూలు, రెండోవైపు లారీ చక్రం. దారి దొరికేదాకా పూల వాసన పీలుస్తూ కూర్చున్నాను. బంతిపూల మూర నలభై రూపాయలని బండివాడు ఎవరికో చెబుతున్నాడు. “నిన్న ఇరవై కదా” అంటే, “నిన్న ఈరోజు కాదు కదా” అన్నాడు.

తాడు అమ్మే మార్వాడీ షావుకారు అడిగాడు, “ఇవాళ కొని ఏం చేస్తారు? రేపు విశ్వకర్మ పూజ. రేపు ఎవరూ పనిముట్టు ముట్టరు.”

అప్పుడు తట్టింది. మా వైపు ఆయుధపూజ దసరాకి. టేపుకి, కలానికి, సైకిల్‌కి అప్పుడే బొట్టు పెడతాం. ఇక్కడ సెప్టెంబరు నడుమ విశ్వకర్మ పూజ. ఆ రోజు ఊళ్లో ఏ సుత్తీ లేవదు, ఏ యంత్రమూ తిరగదు. ప్రతి షెడ్డులోనూ విగ్రహం పెడతారు. ఇంట్లోవాళ్లందరూ కొత్త బట్టలు కట్టుకుని అక్కడికే వస్తారు. బెంగళూరువాళ్లకి దసరాయే కాబట్టి నందితకి తెలియకపోవచ్చు. నాకు తెలియలేదు. మరి తేదీ పెట్టింది ఎవరు?

బజారులోంచే మూర్తిగారికి ఫోన్ చేశాను.

“రేపు విశ్వకర్మ పూజటండీ.”

“తెలుసండీ. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.”

“మరి సభ పదకొండింటికి పెట్టారే?”

“సెలవు రోజైతేనే మంచిదండీ. అందరూ తీరుబడిగా ఉంటారు.”

“అందరూ పూజలో ఉంటారు కదండీ.”

“రావాలనుకున్నవాళ్లు వస్తారు” అన్నారు. గొంతు ఎంత మెత్తగా ఉందో చెప్పలేను. తాడు కొనకుండానే వచ్చేశాను.

సభ సంగతి చెప్పే నోటీసుని తరవాత వెతికి చూశాను. ఇంగ్లీషులో ఉంది. ఆఫీసు లోపలి వరండాలో, సందర్శకులు సంతకం చేసి మాత్రమే వెళ్లగలిగే చోట.

పూజ రోజు

పొద్దున్న తొమ్మిదికి షెడ్డుకి వెళ్లాను. ఎలాగైనా ఆ పూటే కొలత తీయాలి. మర్నాడు నా రైలు. షెడ్డు గుర్తుపట్టలేకపోయాను. నేల కడిగి ముగ్గులేశారు. బల్లలన్నీ ఒక వైపుకి జరిపారు. ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ, నాలుగు చేతుల్లో నాలుగు పనిముట్లు. ముందు పట్టు చీరలు, పిల్లలు, డప్పు, బూందీ వేగుతున్న వాసన. డ్రిల్లింగ్ యంత్రానికి కుంకుమ, వెల్డింగ్ యంత్రానికి బంతిపూల దండ. పైన ఆకాశంలో బెంగాలీ పిల్లల గాలిపటాలు. సుత్తులు, ఆకురాళ్లు, రెంచీలు, గౌరి ముసుగు అన్నీ దేవుడి పాదాల దగ్గర వరసగా పెట్టి ఉన్నాయి.

నేను టేపు లాగి గోడకి ఆనించానో లేదో, సింహాచలం వచ్చి చెయ్యి చాపాడు.

“ఇలాగియ్యి బాబూ.”

“ఒక్క అరగంట. కొలిచేసి ఇచ్చేస్తాను.”

“ఇయ్యాల కాదు. ఇయ్యాల దానికి సెలవు. పాపం, ఎన్ని గోడలెమ్మట తిప్పుంటావో.”

“దసరాకి మా ఇంట్లో పూజ చేస్తాను కదా, బాబాయ్.”

“మేవైతే రెండుసార్లు సేత్తాం” అని గౌరి అందుకుంది. పసుపు చీరలో నేను ముందు పోల్చుకోలేదు. “రెండు సెలవులొత్తాయి. మీకేటి బాధ?”

నా టేపుకి ఆమే కుంకుమ పెట్టి తన ముసుగు పక్కన ఉంచింది. కొండి లేని తేలులా నేను వట్టి చేతుల్తో నిలబడ్డాను.

“సభ పదకొండింటికి” అని గుర్తుచేశాను.

“హారతి అవకుండా కదలకూడదు బాబూ. అయ్యగారు బర్మామైన్స్‌లో మొదలెట్టి ఒక్కో షెడ్డూ సేసుకుంటా వత్తన్నారు” అన్నాడు సింహాచలం. “హారతి అవగానే ఎల్దాం. అందరం ఎల్దాం.”

నూట ఇరవై కుర్చీలు

హాల్లో నందిత, మూర్తిగారు, నేను. ఇంకొకాయన రిటైరైన అధ్యాపకుడు, ఫ్యాన్ కింద కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. నందిత ఖాళీ కుర్చీలకి బొమ్మలు చూపించి వివరించింది. వెనకనుంచి డప్పు వినబడుతూనే ఉంది. అంత మంది మనుషులు ఒక గోడ అవతల, ఇంత ఖాళీ గోడ ఇవతల. మధ్య దూరం ఒక పచ్చిక పాటిది.

“బల్ల తీసుకెళ్లి షెడ్డులోనే వేద్దామండీ. అక్కడ రెండు వందల మంది ఉన్నారు” అన్నాను.

“సభాస్థలం నోటీసులో హాలు అని ఉందండీ. మార్చకూడదు” అన్నారు మూర్తిగారు.

పదకొండున్నరకి నందితే లేచింది. “చూసొద్దాం పదండి” అంది. వెంట వెళ్లాను. షెడ్డు గుమ్మంలో ఆమె కాసేపు కదల్లేదు. అద్దాల్లోంచి పడుతున్న ఆ వెలుగులో పొగ, పూలు, కుంకుమ పెట్టిన ఇనుము. ఆమె కళ్లు చెమర్చాయి, నేను చూశాను. బూందీ తింది, ఖిచిడీ రెండోసారి వేయించుకుంది, ఎన్నో ఫొటోలు తీసుకుంది. “ఎంత బాగుంది! ఇదంతా బతికున్న వారసత్వం!” అంది.

గౌరి ఆమె ఎదుటికి వెళ్లి నిలబడింది. “మేడమ్, యే షెడ్ టూటేగా క్యా?” అని అడిగింది, ఈ షెడ్డు కూల్చేస్తారా అని.

నందిత నా వైపు చూసింది, మళ్లీ ఆమె వైపు. “మీ అభ్యంతరం హాల్లో చెప్పాలి. ఇక్కడ చెబితే రాసుకోవడానికి లేదు.”

అప్పుడే పూజారి వచ్చాడు. హారతి పళ్లెం అందరి ముందూ తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటింది. గౌరి, సింహాచలం ముందు, వెనక చేతుల్లో ప్రసాదం ఆకులతో చాలామంది, పచ్చిక మీదుగా హాలుకి నడిచాం. మూర్తిగారు ల్యాప్‌టాప్ మూస్తున్నారు.

“సర్, ముఝే బోల్నా హై” అంది గౌరి, తను మాట్లాడాలని.

“ఏమిటమ్మా?” అన్నారు ఆయన తెలుగులో, పొరపాటున.

ఆమె క్షణం తెల్లబోయింది. “మీరు మనోళ్లా! అయితే ఇనండి. షెడ్డు తియ్యొద్దండి. ఛఠ్ ఎల్లగానే నా టెస్టు. అది లేకపోతే నాను ఎక్కడ నేర్చుకోను?”

“టైము అయిపోయిందమ్మా. సభ మినిట్స్ రాసేశాం, వెళ్లిపోయాయి.”

“ఎక్కడికెల్లిపోయాయి? ఇప్పుడే కదేటి మీరు నొక్కింది?”

“రాతపూర్వకంగా ఇచ్చి ఉండాల్సింది.”

“ఎప్పటికి?”

“నిన్నటికి.”

వెనకాల ఎవరో ఏడవలేక నవ్వారు. ఫ్యాన్ కింద అధ్యాపకుడు కాఫీ ఇంకో కప్పు దొరుకుతుందా అని అడిగాడు. ఆయన రాక గురించి ‘ప్రజల స్పందన సానుకూలం’ అని రాశారని నాకు తరవాత తెలిసింది.

నేను సగం మూసిన ఆ ల్యాప్‌టాప్ తెర మీద కాగితం చూశాను. అభ్యంతరాలు: సున్నా. “ఇది తప్పండీ” అన్నాను. “సున్నా అంటే లెక్కపెట్టి చూస్తే ఏమీ లేకపోవడం. మీరు లెక్కే పెట్టలేదు. లెక్కపెట్టని చోట గడి ఖాళీగా వదలాలి. ఇంత చిన్న సంగతి నాకు మేస్త్రీ మొదటి వారంలోనే చెప్పాడు. సున్నా వేశారంటే మీరు అబద్ధం రాసినట్టే.”

“మీరు కొలతలకి వచ్చారు” అన్నారు మూర్తిగారు, అదే మెత్తని గొంతుతో. “కొలతలు చూసుకోండి.”

సరే, అలాగే అనుకున్నాను.

ఆ జనమంతా తిరిగి షెడ్డుకి నడిచారు. ఎవరూ అరవలేదు. నాకైతే అరవాలనే ఉంది. సాయంత్రం షెడ్డు బయట మటన్ వండారు. పూజ రోజు రాత్రికి ఆ ఊళ్లో అది ఆనవాయితీ. ఘాటుగా, ఎర్రగా, అన్నంలో కలుపుకుంటే చెమట పట్టేలా ఉంది. గౌరి నాకు వడ్డిస్తూ, “తినండి బాబుగారూ, కోపం కడుపుతో ఉన్నోళ్లకి మంచిది కాదు” అంటే అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు చూస్తే నా కోపం ఇంకా పెరిగింది. పగలంతా వాళ్ల కాళ్ల కిందినుంచి నేల లాగేస్తూ ఉంటే, వాళ్లు నాకు ముక్కలు ఏరి వేస్తున్నారు.

ప్లాట్‌ఫారం

మర్నాడు రైలుకి సింహాచలం, గౌరి వచ్చారు. ఆమె డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది, నీలం చొక్కాలోనే. సింహాచలం తువ్వాల్లో చుట్టిన టేపు నా చేతిలో పెట్టాడు. కుంకుమ ఇంకా అంటుకునే ఉంది.

“పొద్దున్నే తీసీసాను. రైలుకి ఇంకా టైముంది. ఆటోలో ఎల్లి కొలుసుకుంటావా? నీ పని నువ్వు సెయ్యాలి కదా బాబూ. మేవేటీ అనుకోం.”

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. టేపుని కళ్లకి అద్దుకున్నాను. మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాను.

“దీన్ని మీ షెడ్డులోనే ఉంచండి, బాబాయ్. నాకు పూజ ఇంకా అయినట్టు లేదు.”

ఆయనకి అర్థం కాలేదు. గౌరికి అయింది. టేపు అందుకుని చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకుంది.

ఇంటికొచ్చాక

కొద్ది రోజులకి ప్రణాళిక ముసాయిదా ఈమెయిల్లో వచ్చింది. మంచి కాగితం, మంచి అక్షరాలు. అట్ట మీద నందిత తీసిన ఫొటో: కుంకుమ పెట్టిన సుత్తులు, వెల్డింగ్ ముసుగు, దాని పక్కన నా టేపు. కింద ‘బతికున్న వారసత్వం’ అని ఉంది. లోపలి పటంలో ఆ ఫొటో తీసిన చోటుకి పసుపు రంగు. అంత సిగ్గులేనితనాన్ని అంత అందంగా అచ్చువేయడం నేనెక్కడా చూడలేదు. నందితకి ఫోన్ చేసి అదే మాట అన్నాను. “రంగు మార్చమని నేను అడిగాను” అంది. “వినలేదు. అట్ట మాత్రం నచ్చిందన్నారు.”

పేటవాళ్లు సంతకాలు చేసి అభ్యంతరం రాసి ఇచ్చారట. ఆఫీసులో తీసుకున్నారట, అందినట్టు కాగితం మాత్రం ఇవ్వలేదట.

తరవాత మూర్తిగారు ఫోన్ చేశారు. “మీ పట్టికలో చివరి వరుస మరచిపోయారండీ. అన్ని వరుసలూ నిండితే గానీ నిధుల సంఘం ముందుకి కాగితం వెళ్లదు.”

“మరచిపోలేదండీ. కొలవలేదు.”

“ఉజ్జాయింపుగా ఏదో వేసేయండి. లేదా ప్రస్తుతానికి సున్నా వేయండి.”

“సున్నా వేయను. కొలవనిదానికి ఖాళీ వదులుతాను.”

“మరి ఎప్పుడు కొలుస్తారు?”

“నా టేపు ఆ షెడ్డులో ఉంది. షిఫ్టు దిగాక అందరూ రాగలిగే వేళ మీరు అక్కడ సభ పెట్టండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. ఆ రోజు నా ఖర్చుతో వచ్చి కొలుస్తాను.”

ఆయన ఫోన్ పెట్టేశారు. ఇంకొకరితో కొలిపించవచ్చు. కొలిపిస్తారేమో కూడా. ఆ వరుసలో నా పేరు ఉండకపోతే చాలని ఊరుకునే మనిషిని కాను కాబట్టి ఇదంతా రాశాను.

నిన్న గౌరి ఫొటో పంపింది. షెడ్డు గోడకి మేకు, మేకుకి నా టేపు, కింద ఆమె బల్ల మీద కొత్తగా అతికించిన ఇనప ముక్క. ‘మావయ్య ఈసారి ఏమీ అనలేదు’ అని హిందీలో రాసింది. ఛఠ్‌కి ఇంకా వ్యవధి ఉంది.

మా ఊళ్లో పనులకి మేస్త్రీ టేపు అరువు తెచ్చుకుని నడిపిస్తున్నాను. కొత్తది కొనుక్కోవచ్చు కదా అని మా ఇంట్లో అంటున్నారు. కొనను. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం నా టేపు ఆ మేకుకే ఉంటుంది.